మాట వెల: తంతి నుంచి ఇంటర్నెట్ ఫోను దాకా

పోయిన ఏడాది మా జిల్లాలో జరిగిన ఒక సాహిత్య సభలో గల్ఫ్ వలస కథల మీద చర్చ నడిచింది. మాట్లాడిన వారిలో ఒక యువ మిత్రుడు, "ఇంటర్నెట్ ఫోను వచ్చాక దూరం రద్దయిపోయింది. ఫోను కోసం ఎదురుచూపులూ, నిమిషాల లెక్కలూ ఉన్న కథలు ఇక చరిత్రకే పరిమితం" అన్నాడు. సభలో చాలామంది తలలూపారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. దూరం రద్దయిందన్నది కొంతవరకు నిజమే. కాని ఫోను మాటకు వెల ఎన్నడైనా కేవలం దూరాన్ని బట్టి నిర్ణయమైందా? కాలేదని నా వాదన. మాటను ఏ కొలతతో కొలిచారు, అది దిగే చోట తలుపు ఎవరి చేతిలో ఉంది అన్న రెండు విషయాలే దాని వెలను ఎక్కువగా శాసిస్తూ వచ్చాయి. నేను సాంకేతిక నిపుణుణ్ణి కాను. హైస్కూల్లో తెలుగు చెప్పుకునేవాణ్ణి. అయితే ఈ లెక్క మా ఇంట్లో పదిహేనేళ్లపాటు నెలనెలా జరిగింది.

మొదట తంతి సంగతి. మన దేశంలో టెలిగ్రాఫును సాధారణ ప్రజలకు తెరిచింది 1855లో. చివరి టెలిగ్రామ్ తీసుకున్నది 2013 జూలై 14న. ఈ నూట యాభై ఎనిమిదేళ్లూ తంతికి కొలత మాటే. ఎన్ని మాటలైతే అంత డబ్బు. క్రియలుంటే చాలు, విభక్తులు అక్కర్లేదు. "తండ్రికి సీరియస్ వెంటనే రా" అనే వాక్యం తీరు ఒక కవి కనిపెట్టింది కాదు, ఛార్జీల పట్టిక కనిపెట్టింది. మన విమర్శకులు 'టెలిగ్రాఫిక్ శైలి' అని క్లుప్తతను మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి మరచిపోతుంటారు. ఇంకొక విశేషం ఏమంటే, చిరునామా కూడా మాటలుగానే లెక్కకు వచ్చేది. అందుకే పెద్ద పెద్ద వ్యాపార సంస్థలు తమ పేరును, వీధిని, ఊరిని కుదించి ఒకే మాటగా తంతి చిరునామా రిజిస్టరు చేయించుకునేవి. డబ్బున్నవాడికి చిరునామా ఒక్క మాట. లేనివాడికి అది సందేశం కంటే పొడుగు. చిరునామా బరువు గురించిన ఈ ముక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి, తర్వాత మళ్లీ పనికొస్తుంది.

టెలిఫోను వచ్చాక కొలత మారింది. కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో 1882లో ఎక్స్ఛేంజీలు తెరిచారు. ఫోనులో మాటలు లెక్కపెట్టడం కుదరదు కనక కాలాన్ని కొలిచారు. ట్రంకు కాల్‌కు మూడు నిమిషాలు ఒక యూనిట్. మధ్యలో ఆపరేటరు గొంతు వినిపించేది, మూడు నిమిషాలైంది, పొడిగించాలా అని. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని తరగతులు కూడా ఉండేవి. మూడింటికీ తీగె అదే, దూరం అదే. మారేదల్లా వరసలో ఎవరి ముందు ఎవరన్నది. అంటే అప్పటికే దూరంతో సంబంధం లేని ఒక ధర అందులో కలిసి ఉంది. అది వరస దాటే హక్కు ధర.

1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదటి ఎస్.టి.డి. సౌకర్యం మొదలైంది. ఆపరేటరు స్థానంలో యంత్రం వచ్చింది. దాని లెక్క మొదట్లో నాకు బోధపడలేదు, డిగ్రీ చదివే రోజుల్లో ఒక బూతు యజమాని విడమరచి చెప్పాడు. దూరం పెరిగితే యూనిట్ ధర పెరగదు. యూనిట్‌కు దొరికే సెకన్లు తగ్గుతాయి. ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే పల్స్ ఒక్కొక్కటీ మీటరును ఒక్కో అంకె ముందుకు జరుపుతుంది. దగ్గరి ఊరికైతే పల్సులు తీరిగ్గా వస్తాయి, దూరపు ఊరికైతే తరుముకొస్తాయి. ఆ దూరాన్ని కూడా తీగె నడిచే దారిలో కొలవరు, రెండు కేంద్రాల మధ్య మ్యాపు మీద గీసిన సరళరేఖను కొలిచి, దాన్ని అంతస్తులుగా విడగొడతారు. రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జీ. పగలు రాత్రి అయినంత మాత్రాన తీగె పొడవు తగ్గదు కదా! పగలు తీగె మీద వ్యాపారస్థుల రద్దీ ఉంటుంది, కనక పేదవాడు నిద్ర మానుకుని మాట్లాడాలి. అదీ అందులోని న్యాయం.

మా బాపు 1988లో దుబాయి పోయాడు. మాది జగిత్యాల ప్రాంతం. మా పక్క ఏ వాడలో చూసినా ఇంటికొకరు అట్లా పోయినవాళ్లే. మొదటి మూడేళ్లు ఫోను లేదు. బాపు క్యాసెట్లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేత పంపేవాడు. మేము ఎదురింటి టేప్ రికార్డరు తెచ్చుకుని వినేవాళ్లం. అరవై నిమిషాల క్యాసెట్‌లో నలభై నిమిషాలు మాట, మిగతాది గదిలో ఫ్యాను చప్పుడు. ఆ చప్పుడును కూడా అమ్మ చివరిదాకా వినేది. తర్వాత మండల కేంద్రంలో ఎస్.టి.డి., ఐ.ఎస్.డి. బూతు పెట్టారు. బాపు అక్కడికి ఫోను చేస్తే బూతు పిలగాడు సైకిలు మీద వచ్చి చెప్పేవాడు. పిలిచినందుకు ఐదు రూపాయలు. అమ్మ నడిచి చేరేసరికి బాపు మళ్లీ చేసేవాడు. ఒకసారి మేమే చేయాల్సి వచ్చింది, నాయినమ్మ చనిపోయినప్పుడు. అమ్మ మాట్లాడలేదు. రిసీవరు పట్టుకుని ఏడ్చింది. ఎదురుగా ఎర్ర అంకెలు పరుగెత్తుతున్నాయి. వాటిని చూస్తూ నేను, "అమ్మా, మాట్లాడు, పైసలు పోతున్నయ్" అన్నాను. పన్నెండేళ్ల పిలగాణ్ణి. ఆ మాట అన్నందుకు నాకు ఈనాటికీ సిగ్గుగానే ఉంటుంది. కాని ఆ మాట నాది కాదనీ, మీటరుదనీ తర్వాత అర్థమయింది. కాలాన్ని కొలిచే యంత్రానికి ఏడుపూ మాటా ఒకటే ధర.

ఇక ఆ ఎర్ర అంకెల వెనక ఏముందో చూద్దాం. అంతర్జాతీయ కాల్ ధరను రెండు దేశాల టెలిఫోను సంస్థలు కూర్చుని నిమిషానికి ఇంత అని ఖాయం చేసుకునేవి. కాల్ బయలుదేరిన దేశం, దిగిన దేశానికి అందులో సాధారణంగా సగం కట్టాలి. మన వైపు నుంచి ఈ తలుపు దగ్గర 1986 నుంచి నిలబడ్డది వి.ఎస్.ఎన్.ఎల్. బీద దేశాల నుంచి బయటికి పోయే కాల్స్ తక్కువ, బయటి నుంచి వచ్చేవి ఎక్కువ. అందువల్ల ఈ పద్ధతిలో బీద దేశాల ఖజానాలకు డాలర్లు వచ్చేవి. అమెరికాకు ఇది నచ్చలేదు. 1997లో అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, తమ కంపెనీలు బయటి దేశాలకు కట్టవలసిన గరిష్ఠ మొత్తాన్ని తనంతట తానే నిర్ణయించింది. సంపన్న దేశాలకు నిమిషానికి 15 సెంట్లు, మధ్య తరగతి దేశాలకు 19, అల్పాదాయ దేశాలకు 23.

ఇక్కడ మన అభ్యుదయ విమర్శకులకు ఒక ఇబ్బంది ఉంది. అమెరికా చేసింది దౌర్జన్యమని ఒక్క వాక్యంలో తేల్చేయవచ్చు. దౌర్జన్యమే. కాని ఆ నిమిషానికి అసలు డబ్బు కట్టింది ఎవరు? తలుపు దగ్గర ప్రభుత్వం వసూలు చేసిన డాలర్లలో కొంత, గల్ఫ్‌లో తాపీ పనివాడి జీతం నుంచి, కువైట్‌లో ఇంటిపని చేసే కడప స్త్రీ జీతం నుంచి వచ్చింది. దేశం పేరు మీద వసూలైన ప్రతి పైసా దేశ ప్రజల మేలుకే అని మనం అనుకోవడానికి వీల్లేదు. అట్లా అని ధర తగ్గించిన కంపెనీ పనివాడి పక్షమూ కాదు.

ఇంటర్నెట్ ఫోను ఈ తలుపును తప్పించుకునే సందుగా పుట్టింది. గొంతును ముక్కలు చేసి కంప్యూటర్ల వల మీద పంపే ప్రయోగాలు అమెరికాలో 1974లోనే జరిగాయి. డానీ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు వాటిలో ముఖ్యుడు. ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ 1995లో దాన్ని సరుకుగా బజారుకు తెచ్చింది. 2003లో వచ్చిన స్కైప్ దాన్ని ఇంటింటికీ చేర్చింది. ఆ స్కైప్‌ను 2025 మేలో మూసేశారు కూడా.

దీని లెక్కను కాస్త ఓపికగా చూడాలి. పాత డిజిటల్ టెలిఫోను పద్ధతిలో గొంతును సెకనుకు 8,000 సార్లు తూచి, ప్రతి తూకాన్నీ 8 బిట్లలో రాస్తారు. సెకనుకు 64,000 బిట్లు, అంటే 8,000 బైట్లు. దీన్ని ఇంటర్నెట్ మీద పంపేటప్పుడు సాధారణంగా సెకనులో యాభయ్యో వంతు చొప్పున ముక్కలు కోస్తారు. ఒక్కో ముక్కలో 160 బైట్ల గొంతు ఉంటుంది. ఆ ముక్క ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలి, వరసలో ఎన్నోది అన్న వివరాలకు మరో 40 బైట్లు. ఇదే చిరునామా. మొత్తం ముక్క 200 బైట్లు, సెకనుకు 10,000, నిమిషానికి 6 లక్షల బైట్లు. అవతలివాళ్ల గొంతు కూడా రావాలి కనక రెండింతలు, 12 లక్షలు. ఇప్పుడు గొంతును బాగా కుదించే పద్ధతి ఒకటి తీసుకోండి. అందులో ముక్కకు గొంతు 20 బైట్లే, చిరునామా మాత్రం అదే 40. ఉత్తరం కంటే కవరు రెండింతల బరువు! తంతి చిరునామా మళ్లీ వచ్చిందన్నమాట. అయినా మొత్తం నిమిషానికి, రెండు వైపులా కలిపి, 3 లక్షల 60 వేల బైట్లకు మించదు. ఈ లెక్కన ఒక జి.బి. డేటాతో దాదాపు నలభై ఆరు గంటలు మాట్లాడవచ్చు. కేవలం రవాణా ఖర్చే వెల అయితే మాట నిజంగానే కారుచవక అయిపోయింది.

ఇంకొక సంగతి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. మనిషి మాట్లాడనప్పుడు ముక్కలు పంపకుండా ఆపే ఏర్పాటు వీటిలో ఉంది. అంటే మౌనం బరువు దాదాపు సున్నా. అయితే పూర్తి నిశ్శబ్దం వినిపిస్తే అవతలివాళ్లు లైను తెగిందని భయపడతారు. అందుకని యంత్రమే సన్నని కృత్రిమ హోరును పుట్టించి చెవిలో వినిపిస్తుంది. క్యాసెట్లో ఫ్యాను చప్పుడు విన్న మా అమ్మ ఎప్పుడూ తప్పుగా వినలేదు. ఆ చప్పుడు బాపు ఉన్న గదిది. ఈ హోరు ఏ గదిదీ కాదు.

మరి రవాణా ఇంత చవక అయితే, ఇంటర్నెట్ నుంచి మామూలు ఫోనుకు చేసే కాల్‌కు నిమిషాల లెక్కన డబ్బులెందుకు తీసుకుంటారు? కంప్యూటరు నుంచి కంప్యూటరుకు అయితే తలుపు లేదు. కాని మా అమ్మ చేతిలో ఉన్న ఫోనుకు రావాలంటే, ఆ నంబరున్న కంపెనీ తలుపు తెరవాలి. తెరిచినందుకు తీసుకునే రుసుమే టెర్మినేషన్ ఛార్జీ. సేవ అమ్మేవాడి దగ్గర ఒక పట్టిక ఉంటుంది. మీరు నొక్కిన నంబరు మొదటి అంకెలను అందులో వెతుకుతారు. 91 అయితే ఇండియా, 966 అయితే సౌదీ. ఎక్కువ అంకెలు కలిసిన వరసలోని ధర వర్తిస్తుంది. అందుకే చాలా దేశాల్లో ఒకే ఊళ్లో ల్యాండ్‌లైనుకు ఒక ధర, సెల్‌ఫోనుకు మరో ధర. ఆ టెర్మినేషన్ మీద దారిలో కాల్ మోసిన హోల్‌సేలు కంపెనీల వాటా, అమ్మేవాడి లాభం, పన్ను కలిస్తే మీ ధర.

తర్వాత గుండ్రం చేయడం. నిమిషానికి 2 సెంట్లు అనుకుందాం, మీరు 2 నిమిషాల 5 సెకన్లు మాట్లాడారు అనుకుందాం. సెకన్ల లెక్క అయితే 4.17 సెంట్లు. ఆరేసి సెకన్ల లెక్క అయితే 4.2. నిమిషాల లెక్క అయితే అది మూడు నిమిషాలు, 6 సెంట్లు. ధర మారలేదు, కొలత మారింది. బిల్లు దాదాపు ఒకటిన్నర రెట్లయింది. కొందరు కాల్ కలిపినందుకు విడిగా రుసుము వేస్తారు. లెక్క అవతలివాళ్లు ఫోను ఎత్తిన సంకేతం నుంచి మొదలు కావాలి. దొంగ దారుల్లో ఫోను ఎత్తకముందే ఎత్తినట్టు సంకేతం పుట్టించి, ఉత్తుత్తి రింగు వినిపిస్తూ మీటరు తిప్పే మోసం కూడా ఉంది. అమెరికాలోని తెలుగువాళ్లు ఒకప్పుడు ఇంటికి మాట్లాడటానికి ప్రీపెయిడ్ కార్డులు కొనేవారు. అట్టమీద రాసినన్ని నిమిషాలు కార్డులో ఉండవన్నది అక్కడి వలస జనానికి అనుభవమే. ఇటువంటి కంపెనీలు కొన్నింటి మీద 2008లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెక్కింది.

మన దేశం సందును ఎట్లా చూసిందో చెప్పుకోవాలి. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది కాని దాని మీద ఫోను మాట్లాడటం నిషిద్ధం. తన తలుపును తనే ఎట్లా పగలగొట్టుకుంటుంది? 2002లో దాని గుత్తాధిపత్యం ముగిశాక, అదే ఏప్రిల్ 1 నుంచి అనుమతించారు. అయితే అనుమతి ఒంటి కన్నుది. ఇక్కడి కంప్యూటరు నుంచి అమెరికా ఫోనుకు చేయవచ్చు. ఇక్కడి ఫోనుకు చేయరాదు. ఆ కట్టుబాటు సడలించడానికి 2018 దాకా పట్టింది. బయటి నుంచి వచ్చే కాల్స్ మీద గ్రామీణ టెలిఫోన్ల నష్టం పూడ్చేందుకని అదనంగా ఒక సుంకం కూడా 2008 దాకా ఉండేది. ఉద్దేశం మంచిదే. కాని గ్రామాల టెలిఫోను కోసం ఆ గ్రామాల నుంచే వలసపోయినవాడి చేత కట్టించడం విచిత్రం.

దేశం లోపల ఒక కంపెనీ మరో కంపెనీకి కట్టే టెర్మినేషన్ ఛార్జీని ట్రాయ్ నిర్ణయించేది. 2009లో 20 పైసలు, 2015లో 14, 2017 అక్టోబరు నుంచి 6, 2021 జనవరి 1 నుంచి సున్నా. అదే కాల్ విదేశం నుంచి వస్తే 2015లో 53 పైసలు, 2018లో 30. ఆ తర్వాత 2020లో 35 నుంచి 65 పైసల మధ్య కంపెనీలే కుదుర్చుకోవచ్చన్నారు. అదే ఫోను, అదే చెవి, అదే టవరు. పక్క ఊరి నుంచి వస్తే సున్నా, దుబాయి నుంచి వస్తే రుసుము. ఈ తేడాయే దొంగ ఎక్స్ఛేంజీలకు ప్రాణం. విదేశీ కాల్‌ను ఇంటర్నెట్ మీద తెచ్చి, పదుల కొద్దీ సిమ్ కార్డులు గుచ్చిన పెట్టె గుండా స్థానిక కాల్‌గా మార్చి వదులుతారు. హైదరాబాదుతో సహా అనేక నగరాల్లో ఇట్లాంటివి పట్టుబడుతూనే ఉన్నాయి. దుబాయి నుంచి కాల్ వస్తుంటే ఫోను మీద ఊరూ పేరూ లేని దేశీ నంబరు కనబడటం మా ఊళ్లో అందరికీ తెలిసిన వింత. కారణం మాత్రం చాలామందికి తెలియదు.

గల్ఫ్ ప్రభుత్వాలు సందును గోడ కట్టి మూశాయి. సౌదీ 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తేసింది. ఎమిరేట్స్ మాత్రం లైసెన్సు లేని యాప్‌లలో మాట్లాడటాన్ని అడ్డుకుంది. అనుమతించిన యాప్‌లకు నెల చందా పెట్టింది. 2018 ప్రాంతంలో ఫోనుకు అది నెలకు 50 దిర్హాములు. దుబాయిలో పనిచేసే మా చిన్నాయిన కొడుకు, గదిలో ఎనిమిది మంది కలిసి ఒక ఫోనుకు చందా కట్టి వంతులు వేసుకున్నామని చెప్పాడు. ఒక్కొక్కరికి ఎంతసేపు అని అడిగితే, "పావుగంటన్నా, వెనక నిలబడ్డోడు దగ్గుతడు" అన్నాడు. ట్రంకు కాల్ ఆపరేటరు గొంతు పోయి, ఆ స్థానంలో తోటి కూలీ దగ్గు వచ్చింది. దూరం రద్దయిందన్న మిత్రుడికి నేను సభలో ఇదే చెప్పాలనుకున్నాను, సమయం ఇవ్వలేదు.

మన సెల్‌ఫోను కథ వేగంగా చెప్పేస్తాను. 1995లో మొదలైనప్పుడు నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేది, వచ్చిన కాల్‌కూ కట్టాలి. 2003 నుంచి వచ్చే కాల్ ఉచితం. మిస్డ్ కాల్ అనే సున్నా ధర భాషను జనం తామే కనిపెట్టుకున్నారు. ఒక రింగు అంటే చేరాను, రెండు రింగులు అంటే నువ్వే చెయ్యి. దీని మీద మన వాళ్లు ఒక్క మంచి వ్యాసం రాయలేదని నా ఫిర్యాదు. 2006లో బి.ఎస్.ఎన్.ఎల్. దేశమంతటికీ నిమిషం ఒక రూపాయి చేసింది. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా లెక్క తెచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి మాటకు ధర లేదు, డేటాకే ధర అంది. అందులో వింతేమీ లేదు. ఆ నెట్‌వర్కులో మామూలు ఫోను కాల్ కూడా ముక్కలుగా కోసి పంపే ఇంటర్నెట్ పద్ధతి కాలే. మాట, తంతి రోజుల నుంచి వచ్చిన తన లెక్కను పోగొట్టుకుని, మూటలో ఒక దినుసు అయింది. ఇప్పుడు కొలత మాట కాదు, నిమిషం కాదు, పల్స్ కాదు. ఇరవై ఎనిమిది రోజులు, ఎనభై నాలుగు రోజులు. మాట్లాడినా, మాట్లాడకపోయినా.

బాపు 2004లో తిరిగి వచ్చాడు, ఆరేళ్లున్నాడు. అమ్మ దగ్గర ఇప్పటికీ బటన్ల ఫోనే. ఇంటర్నెట్ అందులో లేదు. అయినా ఏళ్ల తరబడి ఆమె కోసం నేను రోజుకింత డేటా ఉన్న మూటే వేయించాను. దుకాణంలో అదే ఉందన్నారు. వాడని డేటా రోజూ అర్ధరాత్రి ఆమెకు తెలియకుండానే చచ్చిపోయేది. మాటలకూ సందేశాలకూ మాత్రమే పనికొచ్చే మూటలు కూడా విడిగా అమ్మాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. ఆ సంగతి పత్రికలో చదివి మొన్న దుకాణానికి పోయి అడిగాను. కుర్రవాడు తన ఫోనులో కాసేపు వెతికి, "ఉంది సార్, కాని ఎవరూ అడగరు" అని వేశాడు. ఇంటికి వచ్చి చెబితే అమ్మ ముందు నమ్మలేదు. నెట్ తీసేయిస్తే దుబాయి నుంచి పిలగాడు చేసే ఫోను రాదేమోనని ఆమె భయం. వస్తుందని చెప్పి, వాడికి మిస్డ్ కాల్ ఇచ్చాను. వాడి వంతు రావడానికి గంట పట్టింది. అప్పటిదాకా ఆమె ఫోను చేతిలోనే పట్టుకుని అరుగు మీద కూర్చుంది.